ట్యాబులన్నీ ఖాళీలైపోయాయి: నాలుగేళ్ల పాటల నోట్సు విమ్‌ఔట్‌లైనర్‌లోనే ఉంచాలా, ఆర్గ్ మోడ్‌కి మార్చాలా?

పాటలపెట్టె
నాలుగేళ్లుగా మా అమ్మమ్మ దగ్గర, ఆమె ఈడు ఆడవాళ్ల దగ్గర పాటలు రాసుకుంటున్నాను. టెక్కలి దగ్గర పల్లె. ఉడుపుల పాటలు, తిరగలి పాటలు, దంపుడు పాటలు, లాలి పాటలు. అన్నీ ఒకే టెక్స్ట్ ఫైల్లో, విమ్ అనే ఎడిటర్‌లో, అంతస్తులుగా రాసి మడుచుకునే విమ్‌ఔట్‌లైనర్ ప్లగిన్ పెట్టుకుని రాశాను. అన్నిటికంటే పైన పాట రకం, ఒక ట్యాబ్ లోపలికి పాట, ఇంకో ట్యాబ్ లోపలికి చరణాలు, ఆ లోపల మాటల అర్థాలు. 7,200 లైన్లు దాటింది.

పోయిన వారం ఊరెళ్తూ నా ల్యాప్‌టాప్ తీసుకెళ్లలేదు. పెన్‌డ్రైవ్‌లో ఫైలుంటే మా పిన్ని కొడుకు ల్యాప్‌టాప్‌లో, అందులో ఉన్న ఎడిటర్‌తోనే తెరిచి రెండు రోజులు రాశాను. అతని సెట్టింగ్ ఏదో ఉన్నట్టుంది, సేవ్ చేయగానే ట్యాబులన్నీ ఖాళీలైపోయాయి. ఇంటికొచ్చి విమ్‌లో తెరిస్తే మడతలు సరిగ్గా పడటం లేదు, శీర్షికల రంగులు పోయాయి. పాత కాపీ ఉంది కానీ అయిదు నెలల కిందటిది.

దీన్ని బాగుచేసే దారి ఉందా? ఇక మీదట ఇలా జరగకుండా, ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌లో ఉండే ఆర్గ్ మోడ్‌కి మారమని మా ఆఫీసులో ఒకరు అంటున్నారు. తెలుగులో రాసేవాళ్లు ఎవరైనా అలా మారారా? రాత్రి నిద్ర పట్టలేదు, నిజంగా టెన్షన్‌గా ఉంది.

ఎస్కేప్_కీ
అక్షరం కూడా పోలేదు, ముందు ఆ ధైర్యం తెచ్చుకోండి. పోయింది ట్యాబులు మాత్రమే. ఫైలుకి ఇంకో కాపీ తీసి, ఆ కాపీ మీదే పని చేయండి.

విమ్‌లో ట్యాబ్‌స్టాప్ 4 పెట్టండి, ఎక్స్‌పాండ్‌ట్యాబ్ ఆపేయండి, తర్వాత రీట్యాబ్ కమాండ్ ఆశ్చర్యార్థకంతో కలిపి కొట్టండి. ఖాళీలు తిరిగి ట్యాబులవుతాయి. అయిదు సెకన్ల పని.

తాటాకు
ఎస్కేప్_కీ గారూ, ఒక్క నిమిషం. రీట్యాబ్ ఆశ్చర్యార్థకంతో కొడితే లైను మొదట్లో ఉన్న ఖాళీలే కాదు, మధ్యలో వరసగా ఉన్న ఖాళీలు కూడా ట్యాబులైపోతాయి. పాటల్లో పాదం విరిచిన చోట చాలామంది నాలుగైదు ఖాళీలు వదులుతారు. అవి చెడితే మళ్లీ ఏడుపు.

పాటలపెట్టె గారూ, మీ ఫైల్లో అలాంటి విరుపులున్నాయా?

పాటలపెట్టె
ఉన్నాయి! ఒకరు పాడి, మిగతావాళ్లు అందుకునే చోటల్లా ఎడంగా పెట్టాను. అడిగి మంచి పని చేశారు.

ఎస్కేప్_కీ
తాటాకు గారి మాట నిజం, నేను తొందరపడ్డాను. అయితే సబ్‌స్టిట్యూట్ కమాండ్ వాడదాం. లైను మొదట్లో ఉన్న ఖాళీలను మాత్రమే పట్టుకుని, వాటిని 4తో భాగించి, వచ్చిన సంఖ్య ఎంతో అన్ని ట్యాబులు పెట్టమని చెప్పొచ్చు. రిపీట్ అనే ఫంక్షన్ ఉంది, దాన్ని మార్పిడి వైపు రాస్తే సరి. కమాండ్ మీకు విడిగా పంపాను.

అది కొట్టే ముందు ఇంకో పని. మొదట్లో ఖాళీలు ఉండి, వాటి లెక్క 4తో భాగం కాని లైన్లు ఎన్నున్నాయో వెతకండి. అవి చేత్తో సరిచేయాల్సినవి.

లిస్ప్_పిచ్చి
ఆర్గ్ మోడ్‌లో ఈ గొడవే రాదు. అక్కడ అంతస్తు అంటే లైను మొదట్లో ఉన్న నక్షత్రాల సంఖ్య. ఒక నక్షత్రం పెద్ద శీర్షిక, రెండు నక్షత్రాలు దాని కింది శీర్షిక. ఏ ఎడిటర్ తెరిచినా, మెయిల్లో అతికించినా నక్షత్రం నక్షత్రంగానే ఉంటుంది. కంటికి కనపడని అక్షరం మీద నాలుగేళ్ల పని ఆనించడం నాకు మొదటినుంచీ భయమే.

పాత_టెర్మినల్
తప్పు ట్యాబ్‌ది కాదు, ఆ ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్‌ది. ఫైలున్న ఫోల్డర్‌లో ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలొకటి పెట్టి, ఓటీఎల్ (విమ్‌ఔట్‌లైనర్) ఫైళ్లకు ట్యాబే వాడాలి అని ఒక లైను రాస్తే చాలు. దాన్ని గౌరవించే ఎడిటర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, కొన్నింటికి చిన్న ప్లగిన్ కావాలి.

నేను 2009 నుంచి విమ్‌ఔట్‌లైనర్ వాడుతున్నా. నా ఫైళ్లలో ఒక్క నక్షత్రం లేదు, ఒక్క గుర్తు లేదు. చదివితే మామూలు కాగితం మీద రాసుకున్నట్టే ఉంటుంది. కామా కామా 1 కొడితే పెద్ద తలకట్టులు, కామా కామా 2 కొడితే వాటి కిందివి, కామా కామా 0 కొడితే మొత్తం. ఇంతకన్నా ఏం కావాలి?

పాటలపెట్టె
ఎస్కేప్_కీ గారూ, తాటాకు గారూ, మీకు చేతులెత్తి దండం. ఫైలు తిరిగొచ్చింది. మడతలు పడుతున్నాయి. మా ఇంట్లో వాళ్లకు ఏం జరిగిందో తెలీదు కానీ నేను మాత్రం వంటింట్లోకి వెళ్లి కాసేపు కూర్చున్నాను.

4తో భాగం కాని లైన్లు 43 తేలాయి. అన్నీ ఊళ్లో ఆ రెండు రోజుల్లో నేను రాసినవే. అమ్మమ్మ చెబుతూ పోతుంటే అందుకోవాలని గబగబా కొట్టాను, ఎక్కడ ట్యాబ్ పడింది, ఎక్కడ మూడు ఖాళీలు పడ్డాయి చూసుకోలేదు. ఇప్పుడు ఆ లైన్లలో ఏది ఏ పాట కిందికి వస్తుందో నాకే సరిగ్గా తెలియడం లేదు. కొన్ని చరణాలు రెండు మూడు పాటల్లో వినపడేలాంటివి.

గోదారిగట్టు
43 ఏనా! 7,200లో 43 అంటే గండం గడిచినట్టే. శుభం.

ఎస్కేప్_కీ
సంతోషం. ఆ 43 లైన్ల పక్కన ఏదైనా గుర్తు పెట్టి వదిలేయండి, ఊహించి ఎక్కడో అక్కడ ఇరికించొద్దు. తర్వాత తీరిగ్గా చూడొచ్చు.

వరంగల్_వాకిలి
మంచిగైంది అక్కా. ఇదే ముచ్చటల నాది ఒకటి చెప్త. విమ్‌ల మడత పడ్డ శీర్షిక మీద డీ డీ కొట్టిన, ఒక్క లైనే పోతదనుకున్న. మడత లోపల ఉన్న 300 లైన్లు కూడ పోయినయ్. మూసిన మడత మీద డీ డీ కొడితే మొత్తం మడత పోతదని నాకు అప్పటిదాంక తెల్వదు. సేవ్ జేసి బంద్ జేసిన గూడ. మళ్ల తెల్లారి చూసుకుంట.

పాత_టెర్మినల్
వరంగల్_వాకిలి తమ్ముడూ, అన్‌డూఫైల్ అనే ఆప్షన్ ఆన్ చేసి పెట్టుకో. విమ్ 7.3 నుంచి ఉంది. ఫైలు మూసి మళ్లీ తెరిచినా వెనక్కి వెళ్లొచ్చు. మధ్యలో వేరే ఎడిటర్‌తో ఆ ఫైలు మార్చకుండా ఉంటే చాలు.

లిస్ప్_పిచ్చి
ఆర్గ్‌లో కూడా మడత పడ్డ శీర్షిక మీద కంట్రోల్-కె కొడితే కిందిదంతా పోవచ్చు. దానికి సబ్‌ట్రీని కాపాడే ఒక వేరియబుల్ ఉంది, ఆన్ చేస్తే ముందు మిమ్మల్ని అడుగుతుంది. నేను అది పెట్టుకోకుండా ఎవరికీ ఆర్గ్ ఇన్‌స్టాల్ చేసి ఇవ్వను.

చుక్కలముగ్గు
ఇదంతా చదువుతుంటే ఒక సందేహం. ఫోన్లో నోట్స్ యాప్ ఉంది, ఆన్‌లైన్ డాక్యుమెంట్లు ఉన్నాయి. వాటిలో రాసుకుంటే ఈ ట్యాబులు, నక్షత్రాల బాధ ఉండదు కదా? అడగడానికే అడుగుతున్నాను, వాదన కాదు.

డీటీపీ_మాస్టర్
చుక్కలముగ్గు అమ్మా, దీనికి నేను జవాబు చెబుతాను.

నేను పాతికేళ్లు డీటీపీ చేశాను. 2000 తర్వాత మొదటి ఏళ్లలో మా ఊళ్లో ఒక పెద్దాయన చేత్తో రాసి తెచ్చిన పాటలు, సామెతలు 180 పేజీలు టైపు చేశాను. అప్పట్లో మేం వాడిన ఫాంట్లు యూనికోడ్ కావు. తెర మీద 'క' కనపడుతుంది కానీ ఫైలు లోపల ఉండేది ఏదో ఇంగ్లీషు గుర్తు. ఆ పేజీలు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఇప్పుడు నా కంప్యూటర్లో నడవదు. ఫైలు తెరిస్తే గుర్తుల కుప్ప. కన్వర్టర్లతో కొంత వచ్చింది, వత్తులున్న చోట్ల చాలా పోయింది. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు, రాతప్రతి వాళ్లింట్లో చెదలు తినేసింది.

తెలుగు యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లోనే ఉంది. మాకు అది చేతికందేసరికి పదిహేనేళ్లు పట్టింది. మామూలు టెక్స్ట్ ఫైల్లో యూనికోడ్ తెలుగు ఉంటే దాన్ని తెరవడానికి ఏ కంపెనీ బతికి ఉండక్కర్లేదు. అందుకే ఈ అమ్మాయి చేస్తున్నది సరైన పని.

చుక్కలముగ్గు
మాస్టారూ, అర్థమైంది. మనసు కలుక్కుమంది.

తాటాకు
డీటీపీ_మాస్టర్ గారి పోస్టు చదివాక నా పాత సీడీలు వెతకడానికి లేచాను.

పాటలపెట్టె గారూ, మీరు విమ్‌ని టెర్మినల్లో వాడుతున్నారా? తెలుగు ఎలా కనపడుతోంది?

పాటలపెట్టె
అదే రెండో బాధ. కర్సర్ ఒక చోట కనపడుతుంది, అక్షరం ఇంకో చోట పడుతుంది. 'లక్ష్మి' లాంటి మాట వస్తే ఇక లైను చివరిదాకా అంతా పక్కకు జరిగినట్టుంటుంది. అలవాటైపోయి అలాగే రాస్తున్నాను.

తాటాకు
దానికి కారణం ఉంది. టెర్మినల్ అంటే గళ్ల కాగితం. ప్రతి అక్షరానికీ ఒక గడి, కొన్నింటికి రెండు. 'లక్ష్మి'లో మన కంటికి రెండే అక్షరాలు: ల, క్ష్మి. విమ్ మాత్రం ల, క్, ష్, మి అని నాలుగు గళ్లు లెక్కేస్తుంది. వత్తులు కిందికి వెళ్లిపోయాక ఆ గళ్లు ఖాళీగా మిగులుతాయి, లేదా టెర్మినల్ వత్తులు పెట్టకుండా పొల్లులతోనే చూపిస్తుంది. ఏ టెర్మినల్ మార్చినా కొంత మెరుగే తప్ప పూర్తిగా పోదు, ఎందుకంటే చిక్కు గళ్ల లెక్కలోనే ఉంది.

విండోలో నడిచే ఈమ్యాక్స్‌లో ఈ బాధ లేదు. 2020లో వచ్చిన 27.1 నుంచి అక్షరాలు కూర్చే పని హార్ఫ్‌బజ్ చూసుకుంటోంది. 'క్ష్మి' ఒకే ముక్కగా నిలబడుతుంది, కర్సర్ దాన్ని ఒక్క గెంతులో దాటుతుంది. తెలుగుకు విడిగా ఒక ఫాంట్ చెప్పి పెట్టుకోండి, నేను నోటో సాన్స్ తెలుగు వాడతాను. అదే ఈమ్యాక్స్‌ని టెర్మినల్లో తెరిస్తే మళ్లీ విమ్ కథే, అది గుర్తుంచుకోండి.

పాత_టెర్మినల్
ఇది నేను ఒప్పుకోవాలి. నా నోట్సులో తెలుగు నూటికి పది పాళ్లు, మిగతాది ఇంగ్లీషు. అందుకే నాకు ఈ నొప్పి తెలియలేదు. మొత్తం తెలుగే రాసేవాళ్లకు నా సలహా పనికిరాకపోవచ్చు.

గోదారిగట్టు
ఇంకో నొప్పి ఎవరూ చెప్పలేదు. సిస్టమ్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పెట్టుకుని విమ్‌లో తెలుగు రాస్తాం. ఎస్కేప్ కొట్టి కిందికి దిగుదామని జె కొడితే 'ర' అంటుంది, పైకి వెళ్దామని కె కొడితే 'క'. విమ్‌కి ఆ ర, క ఏంటో తెలీదు. ప్రతిసారీ కీబోర్డు మార్చాలి. రోజుకి రెండొందల సార్లు మార్చేవాణ్ణి.

వరంగల్_వాకిలి
అవునన్నా! నేను హెచ్ కొట్టి 'ప', ఎల్ కొట్టి 'త' చూసి కీబోర్డు ఖరాబైందనుకున్న.

ఎస్కేప్_కీ
దానికి రెండు దారులు. ఇన్సర్ట్ మోడ్ (రాసే మోడ్) వదిలే క్షణంలో ఒక ఆటో కమాండ్ పెట్టి, లినక్స్‌లో కీబోర్డు భాష మార్చే ఐబస్‌ని ఇంగ్లీషుకు మార్చమని చెప్పొచ్చు. నేను రెండోది చేశాను. విమ్‌కి సొంతంగా కీమ్యాప్ అనే ఏర్పాటు ఉంది. తెలుగు కీమ్యాప్ ఫైలు నేనే రాసుకున్నాను, ఒక సాయంత్రం పట్టింది. సిస్టమ్ కీబోర్డు ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంటుంది. ఇన్సర్ట్ మోడ్‌లో కంట్రోల్-6 కొడితే తెలుగు, మళ్లీ కొడితే ఇంగ్లీషు. ఎస్కేప్ కొట్టగానే జె జె లాగే పనిచేస్తుంది. ఇంకో లాభం, ఎఫ్ కొట్టి తెలుగు అక్షరాన్ని వెతకాలన్నా కీమ్యాప్ అక్కడ కూడా పలుకుతుంది.

లిస్ప్_పిచ్చి
ఈమ్యాక్స్‌లో రాసుకోనక్కర్లేదు, తెలుగు-ఇన్‌స్క్రిప్ట్, తెలుగు-ఐట్రాన్స్ రెండూ దానితోనే వస్తాయి. కంట్రోల్-బ్యాక్‌స్లాష్ కొడితే ఆన్, మళ్లీ కొడితే ఆఫ్. ఆన్‌లో ఉన్నా కంట్రోల్‌తో కొట్టే కమాండ్లు అన్నీ మామూలుగానే పనిచేస్తాయి. విమ్ వేళ్లు మానలేనివాళ్లకు ఈవిల్ ప్యాకేజీ ఉంది, అది నార్మల్ మోడ్‌లోకి రాగానే తెలుగును తనే పక్కన పెడుతుంది.

చుక్కలముగ్గు
లేఖినిలో రాసే అలవాటు నాది. ఐట్రాన్స్ అదే కదా?

లిస్ప్_పిచ్చి
దగ్గరగా ఉంటుంది, అదే కాదు. రెండూ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవే, కానీ లేఖిని ఆర్‌టీఎస్ పద్ధతి. కొన్ని అక్షరాల దగ్గర వేళ్లు తడబడతాయి, వారంలో సర్దుకుంటాయి.

పాటలపెట్టె
నాది ఇన్‌స్క్రిప్టే కాబట్టి ఆ బాధ లేదు. మొన్న రాత్రి ఈమ్యాక్స్ ఇన్‌స్టాల్ చేశాను. 'లక్ష్మి' సరిగ్గా కనపడింది. నాలుగేళ్లలో మొదటిసారి నా పాటల్ని నా ఎడిటర్‌లో చక్కగా చూశాను.

ఫైలుని ఆర్గ్‌లోకి మార్చడం ఎలా? 7,200 లైన్లు చేత్తో అవదు.

తాటాకు
సూత్రం చిన్నదే. లైను మొదట్లో ఎన్ని ట్యాబులున్నాయో లెక్కపెట్టి, దానికి ఒకటి కలిపి, అన్ని నక్షత్రాలు, ఒక ఖాళీ పెట్టాలి. ట్యాబే లేని లైనుకి ఒక నక్షత్రం, మూడు ట్యాబులుంటే నాలుగు నక్షత్రాలు. పైథాన్‌లో పది లైన్ల పని.

జాగ్రత్తలు రెండు. విమ్‌ఔట్‌లైనర్‌లో శీర్షిక కాని మామూలు రాత కోలన్‌తో మొదలవుతుంది కదా, ఆ లైన్లకు నక్షత్రాలు పెట్టకూడదు. రెండోది, ఆ కోలన్‌ని కూడా తీసేయాలి. ఆర్గ్‌లో కోలన్, ఖాళీతో మొదలయ్యే లైనుకి వేరే అర్థం ఉంది, దాన్ని ఉన్నదున్నట్టు చూపించే ముక్కగా తీసుకుంటుంది. నేను తీయడం మర్చిపోయి, నా థీసిస్ నోట్సు మొత్తం టైపు మిషన్ అక్షరాల్లో ఎక్స్‌పోర్ట్ అయితే మూడు రోజులు కారణం వెతికాను.

లిస్ప్_పిచ్చి
తాటాకు గారు చెప్పింది పద్ధతిగా ఉంది. కానీ పాటలపెట్టె గారూ, చరణాల్ని శీర్షికలుగా ఉంచకండి. విమ్‌ఔట్‌లైనర్‌లో అన్నీ శీర్షికలే కాబట్టి అలా వచ్చింది. ఆర్గ్‌లో పాట ఒక శీర్షిక, దాని కింద చరణాలన్నీ ఒక వర్స్ బ్లాకులో పెట్టండి. ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు పాదాలు ఎక్కడ విరిచారో అక్కడే విరుగుతాయి. మామూలు పేరాగా వదిలేస్తే పాదాలన్నీ ఒకదాని వెనక ఒకటి కలిసిపోతాయి.

ఇంకా, ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ తేదీ, ఇవి ప్రతి పాట కింద ప్రాపర్టీలుగా రాయండి. తర్వాత కంట్రోల్-సి, స్లాష్, పి కొట్టి ఊరి పేరు చెబితే ఆ ఊరి పాటలు మాత్రమే తెరుచుకుని మిగతావి మడతల్లోనే ఉంటాయి. రికార్డింగ్ ఉంటే ఆడియో ఫైలుకి లింకు అక్కడే పెట్టొచ్చు, కంట్రోల్-సి కంట్రోల్-ఎల్.

పాటలపెట్టె
ప్రాపర్టీల సంగతి నాకు బాగా నచ్చింది. ఇన్నాళ్లూ పాట పేరు పక్కనే బ్రాకెట్‌లో పాడినవాళ్ల పేరు రాస్తున్నాను.

డల్లాస్_చంటి
నేను పాటలేవీ రాయను, కానీ ఆర్గ్ మీద నా మాట. మా అమ్మా నాన్నా గుంటూరులో ఉంటారు. వాళ్ల మందులు, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన తేదీలు, రిపోర్టులు అన్నీ ఒక ఆర్గ్ ఫైల్లో. చేయాల్సిన పనుల మాటలు కూడా తెలుగులోనే పెట్టుకున్నా: చేయాలి, ఆగింది, అయింది. ఫైలు మొదట్లో టూడూ లైనులో ఈ మూడూ రాసి, 'అయింది'కి ముందు నిలువు గీత పెట్టి, ఆ లైను మీద కంట్రోల్-సి కంట్రోల్-సి కొడితే సరి. అమ్మతో ఫోన్లో మాట్లాడుతూనే 'చేయాలి'ని 'అయింది' చేస్తుంటాను.

ఒక్కటే బాధ. నాన్న బీపీ టేబుల్‌లో తెలుగు మాటలుంటే నిలువు గీతలు వంకర పోతాయి.

తాటాకు
తెలుగు అక్షరాల వెడల్పు ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది, ఖాళీలతో సర్దితే కుదరదు. వాలైన్ అనే ప్యాకేజీ ఉంది, పిక్సెళ్ల లెక్కన సర్దుతుంది. చూడటానికి మాత్రమే, ఫైల్లో ఏమీ మార్చదు.

గోదారిగట్టు
ఆర్గ్ పుట్టిందే ఒకాయన సొంత నోట్సు కోసం. కార్‌స్టెన్ డొమినిక్, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఖగోళ శాస్త్రవేత్త. 2003లో మొదలుపెట్టారు, 2007లో ఈమ్యాక్స్ 22తో కలిసి రావడం మొదలైంది. నక్షత్రాలు చదివే మనిషి నోట్సు నిండా నక్షత్రాలు!

వరంగల్_వాకిలి
గోదారిగట్టు అన్నా, ఈ మాట నేను మా దోస్తులకు చెప్త 😀

తాటాకు
పాటలపెట్టె గారూ, వెతుకులాట గురించి ఒకటి చెప్పాలి. ఇది ఆర్గ్‌కైనా విమ్‌కైనా ఒకటే.

తెలుగులో కంటికి ఒకేలా కనపడే మాట లోపల రెండు రకాలుగా ఉండొచ్చు. పొల్లు విడిగా నిలబడటానికి మధ్యలో కనపడని, అక్షరాల్ని విడదీసే గుర్తు ఒకటి పెడతాం. ఒకరోజు అది పెట్టి రాస్తాం, ఇంకోరోజు పెట్టకుండా రాస్తాం. కొన్ని ఫాంట్లలో తేడా కూడా తెలీదు. వెతికితే ఒకటి దొరుకుతుంది, రెండోది దొరకదు. నా ఫీల్డు నోట్సులో ఒక ఊరి పేరు 61 చోట్ల ఉందనుకుని అధ్యాయం రాశాను. ఆ గుర్తు తీసేసి వెతికితే 88. నా గైడు ముందు ఆ లెక్క మార్చి చెప్పాల్సి వచ్చింది.

విమ్‌లో అనుమానం వస్తే అక్షరం మీద నిలబడి జి 8 కొట్టండి, లోపల ఉన్న బైట్లు చూపిస్తుంది. ఒక్కో తెలుగు కోడ్ పాయింటుకీ మూడు బైట్లు. 'తెలుగు' అంటే ఆరు కోడ్ పాయింట్లు, పద్దెనిమిది బైట్లు.

లిస్ప్_పిచ్చి
ఆర్గ్ ట్యాగుల్లో కూడా ఆ గుర్తు రానివ్వకండి. గుణింతాలు, పొల్లులు ఉన్న తెలుగు ట్యాగులు బాగానే పనిచేస్తాయి కానీ ఈ కనపడని గుర్తు పడితే దాన్ని ట్యాగుగానే తీసుకోదు. కనపడదు కాబట్టి తప్పెక్కడో కూడా తెలీదు.

ఎస్కేప్_కీ
ఇంత పని జరుగుతోంది, పాత కూర్పులన్నీ దాచిపెట్టే గిట్ పెట్టారా లేదా? ఈ దారం మొదటి పోస్టులో అయిదు నెలల పాత కాపీ అని చదివినప్పటినుంచి నా మనసు అక్కడే ఉంది.

పాటలపెట్టె
పెట్టాను. కానీ ఫైళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి, స్టేటస్ అడిగితే \340\260 అంటూ అంకెల వరస చూపిస్తోంది. మళ్లీ ఏదో చెడిందనుకుని గుండె జారింది.

ఎస్కేప్_కీ
ఏమీ చెడలేదు. తెలుగు బైట్లను గిట్ అలా రాసి చూపిస్తుంది. కాన్ఫిగ్‌లో కోర్ డాట్ కోట్‌పాత్‌ని ఫాల్స్ చేయండి, తెలుగు పేర్లు తెలుగులోనే కనపడతాయి.

చుక్కలముగ్గు
ఊళ్లో ల్యాప్‌టాప్ లేనప్పుడు ఫోన్లో రాసుకునే దారి ఉందా? ఆ 43 లైన్ల కథ మళ్లీ రాకూడదు కదా.

డల్లాస్_చంటి
ఆండ్రాయిడ్‌లో ఆర్గ్‌జ్లీ రివైవ్డ్ అనే యాప్ ఉంది, ఆర్గ్ ఫైళ్లే తెరుస్తుంది. ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ మధ్య సింక్‌థింగ్ పెట్టుకున్నా. రెండు చోట్లా ఒకేసారి మార్చితే సింక్-కాన్‌ఫ్లిక్ట్ అనే పేరుతో ఇంకో ఫైలు పుడుతుంది, దాన్ని పట్టించుకోకుండా వదిలేయొద్దు. నేను వదిలేసి నాన్న రిపోర్టు తేదీ ఒకటి మిస్సయ్యాను.

తాటాకు
నా సలహా, ఊళ్లో రాసేది విడి ఫైల్లో రాయండి. ఇంటికొచ్చాక ల్యాప్‌టాప్‌లో రీఫైల్ కమాండ్‌తో, కంట్రోల్-సి కంట్రోల్-డబ్ల్యూ, ఏ శీర్షిక కిందికి చేరాలో అక్కడికి పంపండి. పెద్ద ఫైలు ఇల్లు దాటకూడదు.

పాత_టెర్మినల్
తాటాకు గారి మాటకు నా ఓటు. విమ్‌వాళ్లకైనా ఇదే పద్ధతి.

పాటలపెట్టె గారూ, మీరు ఆర్గ్‌కి వెళ్లినందుకు నాకేం బాధ లేదు. ఆ ఓటీఎల్ ఫైలు చివరి కాపీ మాత్రం పారేయకండి. పదేళ్ల తర్వాత ఏ ప్లగిన్ ఉంటుందో, ఏది పోతుందో. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా ఆ ట్యాబులు చూసి ఏది దేని కిందిదో మనిషి చదువుకోగలడు.

లిస్ప్_పిచ్చి
నక్షత్రాలు చూసి కూడా చదువుకోగలడు అన్నా.

పాత_టెర్మినల్
సరే, ఒప్పుకున్నా.

డీటీపీ_మాస్టర్
అమ్మా, పుస్తకంగా వేయాలనుకుంటే నన్ను అడుగు. ఆర్గ్ నుంచి ఓడీటీ తీస్తే లిబ్రేఆఫీస్‌లో తెరుచుకుంటుంది. పీడీఎఫ్ తిన్నగా కావాలంటే మామూలు లాటెక్ కంపైలర్ తెలుగును మింగలేదు, జీలాటెక్‌కి మార్చి తెలుగు ఫాంట్ చెప్పాలి. అక్షరాలు కూర్చడం నా పని, డబ్బు మాట వద్దు.

పాటలపెట్టె
వారం తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి.

మొత్తం మార్చేశాను. పాటలు ఆర్గ్‌లో, రోజువారీ ఆఫీసు పనుల జాబితా విమ్‌ఔట్‌లైనర్‌లోనే. అది మార్చడానికి చేతులు రాలేదు, పాత_టెర్మినల్ గారికి తృప్తిగా ఉంటుందనుకుంటా. డీటీపీ_మాస్టర్ గారూ, మీ మాట గుర్తు పెట్టుకున్నాను, తప్పకుండా ఫోన్ చేస్తాను.

ఆ 43 లైన్లు కాగితం మీద పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి, ఆదివారం ఊరెళ్లాను. అమ్మమ్మకు చదవడం రాదు. నేను ఒక్కో లైనూ చదివితే, ఆమె దాన్ని రాగంలో అందుకుని ముందూ వెనకా ఉన్నది పాడేది. అప్పుడు తెలిసేది అది ఏ పాటదో. నేను తిరగలి పాట కింద పెట్టాలనుకున్న ఏడు లైన్లు ఉడుపుల పాటవి. మధ్యాహ్నం పక్కింటి మామ్మగారు కూడా వచ్చి కూర్చున్నారు. ఒక చరణం దగ్గర ఇద్దరికీ కుదరలేదు, ఇది మా పుట్టింటి వరస అంటే ఇది మా పుట్టింటి వరస అనుకున్నారు. రెండూ రాశాను, రెండింటికీ ఊరి ప్రాపర్టీ పెట్టి.

41 లైన్లకు చోటు దొరికింది. మిగిలిన రెండూ చదివితే అమ్మమ్మ నవ్వి, "అవి పాటలు కావే, ఆ రోజు నీతో అన్న మాటలు" అంది. ఒకటి అన్నం చల్లారిపోతోందని, ఇంకోటి చీకటి పడకముందే బస్సెక్కమని. పాట వింటూ అవి కూడా కొట్టేసినట్టున్నాను.

వాటికి ఒక నక్షత్రం పెట్టి, 'అమ్మమ్మ మాటలు' అని కొత్త శీర్షిక తెరిచాను. కింద తేదీ, ఊరు.

తాటాకు
ఆ శీర్షిక కింద ఇంకా రాయండి.

వరంగల్_వాకిలి
అక్కా, మా నాయినమ్మకు బతుకమ్మ పాటలు శానా వస్తయ్. ఆ పైథాన్ స్క్రిప్ట్ అవసరం లేదు, నాది కొత్త ఫైలే. ప్రాపర్టీలు ఎట్ల రాసినవో ఒక పాట నమూనా పెట్టు.

పాటలపెట్టె
ఇదిగో తమ్ముడూ, నా ఫైల్లో ఉన్నట్టే. చరణాలు వర్స్ బ్లాకులో ఈ కిందికి వస్తాయి.

* ఉడుపుల పాటలు
** పొద్దుటి పూట మొదలుపెట్టేది
:PROPERTIES: అని ఇంగ్లీషులో ఉండాల్సిన చోట అలాగే రాయి, :END: కూడా అంతే. వాటి మధ్య ఇవి:
:పాడింది: అమ్మమ్మ
:ఊరు: టెక్కలి దగ్గర
:ఎప్పుడు: నాట్ల మొదటి రోజు
:అందుకునేది: మిగతా అందరూ